జ్వరం తగ్గించుకున్న అండాలమ్మ

దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక ఆడపిల్లల హాస్టల్‌లో అండాలమ్మ వంట చేసేది. భర్త పోయాక సరూర్‌నగర్‌లో కిరాయి గది తీసుకుని ఒంటరిగా ఉంటున్న ఆమెకు మాటామంతీ అంతా ఆ వంటింట్లోనే. గరిటెతో కలిపితే రుచి రాదని శనివారం పులిహోరను చేత్తోనే కలిపేది. కోచింగ్ పిల్లలు గిన్నె చుట్టూ మూగి, "ఆంటీ, అడుగుది నాకే!" అని పోట్లాడుకునేవారు.

ఆ వారమంతా ఆమెకు జ్వరం. పొద్దున్నే జ్వరం గోళీ మింగేది. ఒళ్లు చల్లబడగానే రోగం పోయిందనుకుని పనికి వెళ్లేది. సాయంత్రానికి మళ్లీ కాగిపోయేది. చివరికి కడుపునొప్పికి తాళలేక ఎల్‌బీ నగర్‌లో దవాఖానకు వెళ్లింది. రక్తపరీక్షలో టైఫాయిడ్ అని తేలింది.

"గోళీ ఏస్కుంటే పోతుండె గద మేడం?" అని డాక్టర్ మృదులను అడిగింది.

"పోయింది వేడేనమ్మా, రోగం కాదు. క్రిములను కట్టడి చేయడానికి ఒళ్లే వేడెక్కుతుంది. ఆ వేడికి వాటి పెరుగుదల మందగిస్తుంది. వాటితో పోరాడే కణాలు చురుకవుతాయి."

అండాలమ్మ ఆ మాటను తన వంటింటి లెక్కలో చూసుకుంది. "మస్తు కాగిన పాలల్ల తోడేస్తె పెరుగు పేరుకోదు. గట్లనా?"

"కొంతవరకు అంతే. కానీ ఒళ్లు పాలలా కాగలేదుగా! ఈ క్రిమి జ్వరానికే చావదు, దానికి వేరే మందు వాడాలి. అది మీ చేతుల మీదుగా తిండిలోకి పోతుంది. మళ్లీ పరీక్ష చేసి నేను చెప్పేదాకా వంట జోలికి వెళ్లకండి."

సంగతి చెబితే హాస్టల్ యజమానురాలు కోటేశ్వరమ్మ ఫోన్‌లో తేలిగ్గా నవ్వేసింది. "డాక్టర్లు అలాగే భయపెడతారులే. ఓ మాత్ర వేసుకుని పులిహోర ఒక్కటీ కలిపేసి పో. లేకపోతే పిల్లలు నన్ను పీక్కుతింటారు. నువ్వు రాకపోతే ఇంకొకర్ని పెట్టుకోవాలి మరి."

వెళ్లకపోతే పని పోతుందని అండాలమ్మకు అర్థమైంది. గిన్నె చుట్టూ మూగే ముఖాలు కళ్ల ముందు మెదిలాయి. గోళీ వేసుకుంటే చాలు, ఎవరికీ తెలియదు.

"ఇంకొకల్లనే వెట్టుకోండ్రమ్మా," అంది. "గోళీకి సల్లవడేది నా ఒళ్లు. పురుగు చేతులల్లనే ఉంటది."

అవతల ఫోన్ పెట్టేశారు.

శనివారం డాక్టర్ ఇచ్చిన మందు వేసుకుని, జావ కాచుకుందామని స్టవ్ వెలిగించింది. హాస్టల్ మందికి అలవాటైన చెయ్యి. ఒక్క మనిషికి ఎంత నూక పోయాలో తెలియలేదు. కొంచెమే అనుకుని పోసింది కాస్తా గిన్నె నిండా అయింది. పంచుకునేవారు లేక, పగలంతా దాన్నే కొద్దికొద్దిగా తాగింది.