నిజమైతేనే కొత్త మాట

మొన్న ఆదివారం ప్రార్థన అయ్యాక తమ్ముడు వచ్చి, పెద్దమ్మ పోయిందని చెప్పాడు. కర్నూలు మిషన్ ఆడపిల్లల బడిలో ఇంగ్లీషు చెప్పిన మనిషి ఆమె. ఈరోజు కడపలో నేనూ అదే పని చేస్తున్నానంటే ఆమె చలవే. కబురు విన్నాక ఇంటికి ఎలా వచ్చానో కూడా గుర్తులేదు.

చిన్నప్పుడు సాయంత్రాలు బడి వసారాలో మా ఇద్దరి మధ్య లావుపాటి నిఘంటువు ఉండేది. రోజుకొక పెద్ద మాట. అర్థం అప్పజెప్పినంత మాత్రాన అది మనదైపోదు పెద్దమ్మ దగ్గర. దాన్ని పెట్టి ఒక వాక్యం చెప్పాలి, ఆ వాక్యం నిజం కావాలి. 'మాగ్నిఫిసెంట్' అంటే మహాద్భుతం అని చెప్పగానే నేను దాన్ని మా బర్రెకు తగిలించాను.

"మీ బర్రె మంచిదే పాపా, శానా పాలిస్తాది. మహాద్భుతం అంటే మాత్రం నేను ఒప్పుకోను," అంది.

ఎండాకాలమంతా ఆ మాట నాది కాలేదు. ఆ ఎండల్లో కర్నూల్లో మహాద్భుతం ఎక్కడ దొరుకుతుంది? వానలు పడి హంద్రీ పొంగిన రోజు ఆమే నా చెయ్యి పట్టుకుని గట్టు మీదికి లాక్కుపోయి, "ఇప్పుడు చెప్పు!" అంది. నీళ్ల హోరులో గొంతు చించుకుని అరిచాను. చీర తడుస్తున్నా లెక్కచేయక చప్పట్లు కొట్టింది.

తర్వాత మద్రాసులో టీచరు ట్రైనింగు సీటు కోసం ఇంటర్వ్యూకు పిలిచారు. సీటు రాకపోతే పెళ్లి చేసేస్తానని నాయన ముందే తేల్చేశాడు. మీ ఊరు ఎలా ఉంటుందని దొరసాని అడిగింది. నా ముందు వెళ్లిన పిల్లలు పూలతోటలు, సెలయేళ్లు బట్టీపట్టి అప్పజెప్పి వచ్చారు. ఆ మాటలన్నీ నాకూ వచ్చు. పెద్దమ్మ పెంచిన నోరు కదా, అబద్ధానికి పెగల్లేదు. 'బ్యారెన్' అన్నాను, బీడు నేల అని. దొరసాని కుర్చీ ముందుకు జరుపుకుంది. విత్తనం వేసి మబ్బుకేసి చూసే నాయన గురించి చెప్పుకుంటూ పోయాను. సీటు వచ్చింది.

కిందటి నెల పెద్దమ్మను చూడ్డానికి మిషన్ ఆసుపత్రికి పోయాను. నొప్పి ఎలా ఉందని దొర డాక్టరు ఇంగ్లీషులో అడిగాడు. ఆమె పెదవులు కొరుక్కుంటోంది. నేనే అందుకుని 'ఎక్స్‌క్రూషియేటింగ్' అన్నాను, ప్రాణం తోడేస్తోందని.

"అంత పెద్ద మాట ఎందుకు పాపా? ఏదో కొద్దిగా ఉండాది, అంతే," అని నన్ను చూసి నవ్వింది పెద్దమ్మ.

దుప్పటి కింద ఆమె చెయ్యి నా వేళ్లను నలిపేస్తోంది.