పైన మూత, ముందు తలుపు

మొన్న సాయంత్రం మా అక్క కూతురు ఫోనులో రెండు ఫొటోలు పంపింది. ఉద్యోగం కోసం హిమాచల్ కొండల్లో ఏదో ఊరికి వెళ్లింది ఆ పిల్ల. అక్కడి చలికి మన స్వెట్టర్లు ఏ మూలకీ చాలవట, గదిలో కట్టెల పొయ్యి పెట్టుకుంటానంటోంది. ఒక ఫొటోలో పొయ్యికి ముందువైపు గాజు తలుపు ఉంది. రెండోదానికి పైన మూత, కట్టెలు పైనుంచే వెయ్యాలి. కింద దాని మాటలు: "పిన్నీ, ముందు తలుపుదా, పైన మూతదా? జల్దీ చెప్పు, దుకాణ్ బంద్ అయిపోతాది." భిలాయిలో పుట్టి పెరిగిన పిల్లల తెలుగు అలాగే ఉంటుంది, నేను సరిదిద్దడం ఎప్పుడో మానేశాను. కళ్లజోడు పెట్టుకుని ఆ రెండో పొయ్యివంక చూస్తూ ఉండిపోయాను. చేతిలో కాఫీ చల్లారిపోయింది. ఇదే ప్రశ్న మా ఇంట్లో ఒకసారి వచ్చింది. అప్పుడు జవాబు చెప్పింది మా మామ్మ, నాన్నని కన్నతల్లి.

అప్పుడు మేం సెక్టర్ 7 క్వార్టర్‌లో ఉండేవాళ్లం. నాన్నకి స్టీలు ప్లాంటులో కోక్ ఓవెన్ల దగ్గర పని. గాలి తగలకుండా మూసిన గదుల్లో బొగ్గుని కాల్చి కోక్ చేసే చోటు అది. ఆ గదుల తలుపుల సందుల్లోంచి గ్యాస్ కారకుండా చూడటం ఆయన ఉద్యోగం. ఇంటికొచ్చాక కూడా ఆయనది అదే ఉద్యోగం. పప్పుల డబ్బా మూత వంకరగా పడితే అన్నం మధ్యలో లేచి సరిచేసేవారు. కిటికీ రెక్క సరిగ్గా పట్టకపోతే ఆ పూట మాకందరికీ పాఠమే. అమ్మ నవ్వు ఆపుకోలేక చెంగు నోటికి అడ్డం పెట్టుకునేది.

అక్క పురుటికి వచ్చి, గట్టి చలికాలంలో ఆడపిల్లని కంది. మామ్మ శ్రీకాకుళం నుంచి వాము, శొంఠి, పాత చీరల మూటతో సహా దిగింది. దిగిన మర్నాటినుంచీ బాలింత గది ఆవిడ రాజ్యం. కిటికీలు మూత, సందుల్లో గుడ్డపీలికలు, అక్క చెవులకి దూది, తలకి గుడ్డ. మంచం పక్కన మట్టి కుంపటి. ఆ పొగకి పిల్ల కళ్లు ఎర్రబడి, దగ్గి దగ్గి పాలు కక్కేది. మనవరాలు దగ్గుతుంటే నాన్న గదిబయట అటూ ఇటూ తిరిగేవారు. చివరికి పక్క ఊరు ఉతైలో ఒక కమ్మరి దగ్గరికి వెళ్లి, నేలమీద సుద్దముక్కతో బొమ్మగీసి మరీ ఇనప్పొయ్యి చెయ్యమన్నారు. లోపల ఇటుకలు పేర్చిన పెట్టె, కింద చువ్వలు, బూడిదకి సొరుగు, వెనకనుంచి కిటికీలోకి పొగగొట్టం. మంట తగ్గించాలంటే తిప్పడానికి గొట్టంలో ఒక చిన్న పలక.

గొడవంతా తలుపు దగ్గర వచ్చింది. నాన్న ముందువైపు తలుపు కావాలన్నారు. ప్లాంటులోలాగ అంచుకి మట్టి మెత్తి బిగిస్తే ఊపిరి కూడా బయటికి రాదన్నారు. మామ్మ ఒప్పుకోలేదు. "ఏట్రా ఇది? నోరు నేలకెట్టి, మోకాళ్లమీద పడి కట్టెలు తొయ్యమంటావేటి నన్ను? పైన మూతెట్టించు. నిలబడి ఏస్తాను." మంట చూసుకునే పని ఇంకెవరికీ ఇవ్వదని అందరికీ తెలుసు. నాన్న కాసేపు గొణిగారు. "పైన మూత ఎంత బిగించినా సందు వదుల్తాదమ్మా," అన్నారు. మామ్మ తన మోకాళ్లవంక చూపించింది. అంతే, పైన మూతే పెట్టించారు. వచ్చే చలికాలానికి ముందు తలుపు మార్పిస్తానని మాత్రం అన్నారు. పొయ్యి వచ్చిన రోజున అక్క మంచంమీంచే చూసి, "నాన్నా, ప్లాంటు ఇంటికి తెచ్చేసేవేటి?" అని నవ్వింది. పొగ లేదు. పిల్ల దగ్గు తగ్గింది. ఇంట్లో అందరం నాన్నని మెచ్చుకున్నాం, ఆయన ముఖం చాటుచేసుకున్నారు.

ఇక్కడ ఒక మాట గురించి చెప్పాలి. ప్లాంటువాళ్లకి గ్యాస్ అంటే నిప్పుల్లోంచి పుట్టే, కంటికి కనపడని, వాసన లేని విషం. ఫలానావాడికి గ్యాస్ తగిలిందంటే మోసుకొచ్చారని అర్థం. అమ్మకి గ్యాస్ అంటే వంటింట్లో ఎర్ర సిలిండరు. ఒకే ఇంట్లో ఇన్నేళ్లూ ఇద్దరూ ఆ మాట వాడారు, ఎప్పుడూ ఇబ్బంది రాలేదు.

ఆ రోజు పొద్దున్న నాన్న డ్యూటీకి బయల్దేరుతూ గుమ్మంలో బూట్లు కట్టుకుంటున్నారు. పొయ్యి అప్పుడే రాజుకుంటోంది. "గ్యాస్ చూసేవేటే?" అని కేకేశారు. అమ్మ వంటింట్లోంచి, "చూసేనండీ, కట్టేసే ఉంది," అంది. పొయ్యి మూత బిగుతుగా ఉందని, ఏదీ కారడం లేదని ఆయన అనుకున్నారు. సైకిలెక్కి వెళ్లిపోయారు.

పిల్లకి నూనెరాసి ఎండలో పడుకోబెట్టడానికి మామ్మ పెరట్లోకి తీసుకెళ్లింది. వెళ్లేముందు పొయ్యిలోకి తొంగిచూసింది. మంట తగ్గి నిప్పులు కణకణలాడుతున్నాయి, పొగ మచ్చుకైనా లేదు. స్నానమయ్యాక పిల్ల వెచ్చటి గదిలోకి రావాలి కదా. వేడి ఊరికే కిటికీలోంచి పోతోందని గొట్టంలో పలక తిప్పి మూసేసింది. తలుపు దగ్గరికి వేసింది. రాత్రంతా పాలిచ్చి అలిసిపోయిన అక్క అప్పటికే నిద్రపోయింది. నేను పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. కొంతసేపటికి అమ్మ గదిలోకి తొంగిచూసి బయటికొచ్చి, "బుగ్గలు ఎర్రగా ఎలాగొచ్చేయో చూడే. రంగు తేరింది మీ అక్క. లేపకండి, పడుకోనీండి," అంది. అమ్మ ముఖంలో ఆ సంతోషం నాకు ఇప్పటికీ కనపడుతుంది. ఎందుకు కనపడుతుందా అని చాలాసార్లు విసుక్కున్నాను.

పాలకి పిల్ల ఏడ్చినప్పుడు గానీ మేం అక్కని లేపలేదు. లేపినా లేవలేదు.

కబురు విని నాన్న ప్లాంటు బట్టల్లోనే వచ్చారు. వాకిట్లో జనం. ఎవరితోనూ మాట్లాడకుండా గదిలోకెళ్లి అక్క ముఖం చూశారు. ఆ రంగు ముఖాలున్నవాళ్లని ప్లాంటులో ఆయన అంతకుముందు భుజాలమీద మోశారు. కిటికీ సందుల్లో గుడ్డలన్నీ పీకిపడేశారు. గొట్టం పలకమీద చెయ్యి వేసి చూశారు, మూసి ఉంది; గొట్టంలోంచి పోవలసినదంతా పైమూత సందులోంచి గదిలోకే వచ్చింది. తర్వాత అమ్మవైపు తిరిగి చాలా నెమ్మదిగా అడిగారు: "గ్యాస్ కట్టేసేనన్నావు కదే?"

"కట్టేసేనండీ," అంది అమ్మ ఏడుస్తూ. "సిలిండరు కట్టేసేను."

అమ్మకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక అమ్మ ఏడుపు ఆగిపోయింది.

అంతా అయ్యాక నాన్న అమ్మనీ నన్నూ పెరట్లోకి పిలిచి, "మా అమ్మకి చెప్పకండి," అన్నారు. బంధువులందరికీ బాలింత సన్నిపాతం అని చెప్పారు. మామ్మ అదే నమ్మింది. బతికున్నన్నాళ్లూ తలుచుకుని కుమిలిపోయేది: "ఎక్కడినుంచో ఈదురుగాలి కొట్టేసింది దాన్ని. గది ఇంకాసింత ఎచ్చగా ఉంచవలసింది." నాన్న పక్కనే కూర్చుని వినేవారు. అవునని గానీ కాదని గానీ అనేవారు కాదు. పొయ్యిని సుత్తితో కొట్టి రేకులు చేసి పాతసామాన్లవాడికి ఇచ్చేశారు. ప్లాంటులో సంగతి నాకు తెలీదు గానీ, ఇంట్లో ఆయన గ్యాస్ అన్న మాట మళ్లీ పలకలేదు. సిలిండరు నిండుకున్నప్పుడు కూడా "ఆ ఎర్రది అయిపోయింది" అనేవారు. ఇప్పుడు నాన్నా లేరు, అమ్మా లేదు. ఆ పొద్దుట పూట ఏం జరిగిందో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. పిల్లకి కూడా సన్నిపాతం అనే చెప్పి పెంచాం.

మొన్న ఆ పిల్లకి జవాబు రాశాను: "ముందు తలుపుదే కొను. గ్యాస్ జాగ్రత్త."

వెంటనే బదులొచ్చింది: "గ్యాస్ లేదు కదా పిన్నీ ఇక్కడ, సిలిండర్ పెట్టుకోలేదు. ఇండక్షన్ మీదే వండుతున్నాను."

రాతలతో అయ్యే పని కాదని ఫోను చేశాను. దుకాణం బయటికొచ్చి ఎక్కడైనా కూర్చోమన్నాను. పొయ్యి గురించి, పలక గురించి, వాళ్లమ్మ బుగ్గల రంగు గురించి, ఒక్క మాటకి రెండు అర్థాలుండటం గురించి మొత్తం చెప్పాను. కిటికీ కాస్త తెరిచి ఉంచుతానని, నిప్పులు చల్లారేదాకా గొట్టం ముయ్యనని దానిచేత రెండుసార్లు చెప్పించుకున్నాను. చివరికి ఒకటే అడిగింది: "మీ మామ్మకి తెలిసిందా పిన్నీ?"

"లేదమ్మా. మీ తాతయ్య తెలియనివ్వలేదు."

అవతల ముక్కు చీదుకున్న చప్పుడు. ఆ గొంతు నేను పెంచిన పిల్లది కాదు, నడివయసు దగ్గరపడుతున్న ఒక ఆడమనిషిది. అక్క వయసు ఆ గదిలోనే ఆగిపోయింది, ఆమె కూతురు ఇప్పుడు ఆమెకంటే పెద్దది.