చేతికి వినిపించే చక్రాలు

మా మామగారు దేన్నైనా ముందు కొట్టి చూస్తారు. కొత్త గిన్నె కొంటే వేలి కణుపుతో ఒకటి తట్టి, తల వంచి వింటారు. బీరువా తలుపు, నీళ్ల డ్రమ్ము, మా పాప ఉయ్యాల గొలుసు, ఏదీ ఆ పరీక్ష తప్పించుకోలేదు.

"ఇంటికొచ్చిన ప్రతిదాన్నీ మోగించి చూస్తారు గానీ, పెళ్లికి ముందు నన్నొక్కదాన్నే మోగించి చూసుకోలేదు" అని అత్తయ్య దెప్పుతుంటుంది.

"నువ్వు కొట్టకుండానే మోగుతావుగా" అంటారాయన.

ఆయన ఉద్యోగమే అది. రైలు బయల్దేరే ముందు, పొడుగాటి కర్ర పిడి ఉన్న సుత్తితో ఒక్కో చక్రాన్నీ కొట్టి వినాలి. బాగున్న చక్రం గంటలా మోగుతుంది. బీట పడినదైతే మూలుగుతుంది. సముద్రం ఒడ్డుకి సెలవులు గడపడానికి వచ్చే జనం కోసం ఎండాకాలం మూడు నెలలు ప్రత్యేకంగా రైళ్లు నడిచేవి. ముప్ఫై ఏళ్లు వాటికి ఆయనే చెవి. వంతెన కుంగి ఆ రైళ్లు ఆగిపోయాక, ఏడేళ్లపాటు రైల్వే షెడ్డు వెనక గదిలో కూర్చుని అడిగినవాళ్లకి నట్లూ బోల్టులూ అందించారు. సుత్తిని మాత్రం ఇంటికి తెచ్చుకుని తలుపు వెనక నిలబెట్టారు. ఇంటి ముందు పట్టాల మధ్య గడ్డి మొలిచింది. గడ్డిలో చిన్న చిన్న పసుపు పూలు. సాయంత్రాలు ఆయన వాటి వెంట మెల్లగా నడుస్తుంటే, నిద్ర చాలని నా కళ్లకి పక్కన ఒక రైలు ఉన్నట్టే ఉండేది.

ఈ ఏడు వంతెన బాగయింది. మళ్లీ రైళ్లు వేస్తున్నారు, మొదటి రైలు చక్రాలు చూడటానికి ఆయన్నే రమ్మన్నారు. కబురు తెలిసిన రోజే ఆయన పాత బూట్లు తీసి ఎండలో పెట్టారు.

ఆ వారమే పాపకి జ్వరం వచ్చింది. నాకు తొలి బిడ్డ. పైగా ఫిజిక్సు చదివిన బుర్ర. గంటకోసారి ఉష్ణోగ్రత చూసి గ్రాఫు గీసేదాన్ని. ఒక మధ్యాహ్నం థర్మామీటరు ఆయన చేతికిచ్చి పాలు కాచడానికి వెళ్లాను. అది కీచుమని కూయడం వంటింట్లో ఉన్న నాకే వినిపించింది. తిరిగొచ్చేసరికి ఆయన దాన్ని పాప చంకలో పట్టుకుని అలాగే కూర్చున్నారు.

"ఇదింకా కూయలేదేంటమ్మా?" అన్నారు.

జ్వరం రెండు రోజుల్లో దిగింది. నా గుండెల మీది బరువు దిగలేదు. వయసు పెరిగేకొద్దీ చెవికి ముందు పోయేది సన్నని శబ్దాలే అని చదువుకున్నదాన్ని. షెడ్డులో చెబితే ఏడేళ్లు ఎదురుచూసిన పని ఆయన నోటిదాకా వచ్చి జారిపోతుంది. చెప్పకపోతే ఆ రైలు పెట్టెల నిండా ఎవరెవరి పిల్లలో ఉంటారు.

ఎటూ తేలక, చివరికి ఆయనకే చెప్పేశాను.

"తెలుసమ్మా. నాకు పిచ్చుకలు కూయడం మానేసి మూడేళ్లయింది" అన్నారు, సుత్తి పిడికి నూనె రాస్తూనే. "కానీ చెవికంటే ముందు చేతికి తెలుస్తుంది. నమ్మకం లేకపోతే నువ్వే పరీక్ష పెట్టు."

షెడ్డు వెనక గడ్డిలో పాత చక్రాలు పద్నాలుగు పడున్నాయి. ముందు నేను ఒక్కోటీ కొట్టి విని, కాగితం మీద రాసుకున్నాను. మూడు మూలిగాయి. తర్వాత ఆయన చెవుల్లో దూది కుక్కాను. ఆయన పిడిని పిట్టను పట్టుకున్నంత వదులుగా పట్టుకుని కొడుతూ వెళ్లారు. సముద్రం మీంచి పొగమంచు వచ్చి చక్రాల మధ్య కూర్చుంది. నాలుగింటిని చెడ్డవన్నారు. మూడు నావే. నాలుగోది నాకు బాగానే మోగింది.

ఒకటి తప్పిందని చెప్పాను.

"మంచిదాన్ని చెడ్డదంటే రైలు ఆలస్యమవుతుంది. చెడ్డదాన్ని మంచిదన్నానా?"

అనలేదు. అయినా పద్నాలుగు చక్రాలతో నా భయం తీరేది కాదు. నా మొహం చూసి ఆయనకి అర్థమైనట్టుంది. మర్నాడు పొద్దున్నే తనంతట తానే షెడ్డు మేస్త్రీ దగ్గరికెళ్లి, చెవి పోయిందని చెప్పేశారు. మేస్త్రీ ఒకప్పుడు ఆయన దగ్గరే పని నేర్చుకున్న మనిషి.

"అమ్మగారు తిడుతుంటే మీరు నవ్వుతూ కూర్చున్నప్పుడే అనుకున్నాను గురువుగారూ" అన్నాడట. పక్కన తనూ నడుస్తానన్నాడు. ఇద్దరూ బాగుందంటేనే బాగున్నట్టు.

మొదటి రైలు పొద్దున మంచులోంచి వచ్చింది. ముందు దీపం, తర్వాత చప్పుడు, ఆ తర్వాతే పెట్టెలు. టోపీలవాళ్లు, ప్లాస్టిక్ బకెట్ల పిల్లలు దిగారు. తిరుగు ప్రయాణానికి మా ఊరంతా సరదాకి ఎక్కింది, పక్క స్టేషన్‌లో దిగి నడిచి రావడానికి. నేను పాపని భుజాన వేసుకుని ప్లాట్‌ఫాం చివర నిలబడ్డాను. సుత్తి దెబ్బలు ఒక్కోటీ దగ్గరవుతున్నాయి. చక్రం తర్వాత చక్రం. మేస్త్రీ తలూపుతున్నాడు.

ఆరో పెట్టె దగ్గర మామయ్య చెయ్యి ఆగింది. మళ్లీ కొట్టారు.

"మోగిందిగా" అన్నాడు మేస్త్రీ.

"నీకు జనం మోగుతున్నారు. ఇది మోగలేదు."

మేస్త్రీ దీపం పట్టుకుని కిందికి దూరాడు. చాలాసేపటికి బయటికొచ్చి గార్డుకి చెప్పాడు, ఆ చక్రానికి బ్రేకు పూర్తిగా వదల్లేదని. అలాగే కదిలితే పక్క ఊరు చేరేలోపు చక్రం ఎర్రగా కాలిపోయేదట. దాన్ని విడిపించడానికి పావుగంట పట్టింది. ఈలోగా కిటికీల్లోంచి జనం ఆయన్ని తిట్టారు. ముసలాడు నిద్ర లేచాడో లేదో అన్నాడొకడు. ఆయన వాళ్లకేసి చూసి చిరునవ్వు నవ్వారు.

బ్రేకు వదిలాక నన్ను రమ్మని సైగ చేశారు. సుత్తి పిడి మీద తన చేతి పక్కన నా చెయ్యి పెట్టించి, చక్రాన్ని ఒక్క దెబ్బ కొట్టారు. కర్రలోంచి ఏదో సన్నగా పాకుతూ మోచేతి దాకా వచ్చింది. పాప కడుపులో మొదటిసారి కదిలినప్పుడు ఇలాగే, అవునో కాదో అన్నట్టు ఉండింది.

"ఇప్పుడు?" అన్నారు.

చెవుల నిండా నాకు జనం గోలే.

"మోగింది మామయ్యా" అన్నాను.

ఆయన చెయ్యి పైకెత్తారు. గార్డు పచ్చజెండా ఊపాడు.