తొమ్మిది మెట్లు

మా పిన్ని పొద్దున్నే ఆఫీసు తాళం తీసి, భుజాన ఉన్న సంచి కూడా దించకుండా రెండు ఫోన్లు చేసేది. రెండు చోట్లా ఒకటే ప్రశ్న: "ఎన్ని మెట్లు కనబడుతున్నాయి?"

అది జనాన్ని కొండల మీదికి స్కీయింగ్‌కు తీసుకెళ్లే చిన్న ట్రావెల్ ఆఫీసు. లోపల మూడు బల్లలు, ఒక నల్లబోర్డు, ఎప్పుడూ కొద్దిగా కారే ఒక కుళాయి. కొండల్లో రెండు లాడ్జిలతో వాళ్లకు ఒప్పందం ఉంది. లోయలో ఉన్నది కింది లాడ్జి, కనుమ దగ్గర ఉన్నది పై లాడ్జి. రెండింటికీ గుమ్మం ముందు పన్నెండేసి మెట్లు. మంచు ఎంత ఎక్కువ పడితే అన్ని ఎక్కువ మెట్లు కప్పబడిపోతాయి. "మంచెలా ఉందని అడిగితే ఎవరైనా బ్రహ్మాండంగా ఉందనే అంటారు. మెట్లు లెక్కపెట్టమంటే మాత్రం అబద్ధమాడటానికి బద్ధకిస్తారు" అనేది పిన్ని. వాళ్లు చెప్పిన అంకెలు సుద్దముక్కతో బోర్డు మీద రాసేది. అలా పదిహేడేళ్లు రాసింది.

ఆ మెట్లను మాత్రం ఒక్కసారీ చూడలేదు.

ఏటా వసంతంలో ఆ సీజనుకి ఆఖరి ప్రయాణం ఉంటుంది. ముప్పై మంది దాకా వెళతారు. వాళ్ల బాగోగులు చూడటానికి ఆఫీసు నుంచి ఒకరు తోడు వెళతారు. మొదట్లో పిల్లవాడు చంటివాడని పిన్ని వెళ్లలేదు. తర్వాత అత్తగారు తుంటి విరిగి మంచాన పడింది. ఆవిడ లేచి తిరిగే నాటికి ఆఫీసులో కొత్తమ్మాయి చేరింది.

కొత్తమ్మాయి చేరి ఆరేళ్లయినా ఆమెను పిన్ని కొత్తమ్మాయి అనే పిలిచేది. ఆ అమ్మాయికి స్కీయింగ్ వచ్చు. ఆరేళ్లూ ఆమే వెళ్లింది. తిరిగొచ్చేటప్పటికి ముఖమంతా ఎండకి కమిలి, కళ్లజోడు పెట్టుకున్న మేర రెండు తెల్లటి వలయాలు మిగిలేవి. "గుడ్లగూబ దిగిందండోయ్" అనేది పిన్ని, అందరూ నవ్వేలాగా. ఆ తర్వాత చేతులు కడుక్కోవడానికి వెళ్లి, అద్దంలో తన ముఖం చూసుకుని వచ్చేది. ఏ మచ్చా లేని ముఖం. కడుపు మండిపోయేదట.

ఆ పదిహేడో ఏడు ఆఫీసు ఓనరు గారు ఒక మాట అన్నారు. "ఆఖరి ప్రయాణానికి చోటు మీరిద్దరూ చెప్పండి. ఎవరు చెప్పిన చోటు ఖాయమైతే ఈసారి వాళ్లే వెళ్లాలి. సోమవారం బోర్డు చూసి తేలుస్తాను."

కొత్తమ్మాయి పై లాడ్జి అంది. "ఎండలు ముదిరాక కింద పొద్దున పదింటికల్లా అంతా చిత్తడే కదక్కా" అంది. అది నిజమని పిన్నికి ఆమెకంటే బాగా తెలుసు. అయినా కింది లాడ్జి అంది. "పెద్దవాళ్లుంటారు. బస్సు గుమ్మం దాకా వెళుతుంది. నీలా అందరూ కోతుల్లా గెంతగలరా?"

సోమవారం పొద్దున కింది లాడ్జి వాళ్లు ఏడు మెట్లన్నారు. తర్వాత పై లాడ్జి ముసలాయన ఫోనెత్తాడు.

"తొమ్మిది తల్లీ. కానీ అందులో నాలుగు కొత్తవి. మంచు బరువుకి గుమ్మం తలుపు విరిగింది. పక్క మేడగది తలుపు వాడుతున్నాం. దానికోసం పైన నాలుగు కొయ్యమెట్లు వేయించాను. నీ పాత లెక్కలో అయితే అయిదే."

"అయితే మంచు బాగా ఉన్నట్టే తాతగారూ."

"పీకల్లోతు."

పిన్ని ఫోను పెట్టేసి సుద్దముక్క తీసుకుంది. కింది లాడ్జి ఏడు, పై లాడ్జి తొమ్మిది అని రాసింది. ఆయన చెప్పింది తొమ్మిదే, తను రాసిందీ తొమ్మిదే. ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా ఈ చోట పిన్ని గొంతు తగ్గిపోతుంది.

ఓనరు గారు వచ్చి బోర్డు చూశారు. "అదేంటి, పైన అంత కరిగిపోయిందా?"

"తొమ్మిదన్నాడండీ" అంది పిన్ని, సొరుగులో ఏదో వెతుకుతూ.

"పోయినేడు ఇదే వారం నాలుగే కనబడ్డాయి" అంది కొత్తమ్మాయి. బోర్డు ముందు కాసేపు నిలబడి భుజాలు ఎగరేసింది. "ఏం చేస్తాం. వెళ్లిరండక్కా. నా మంచు బూట్లు తీసుకెళ్లండి, మీ పాదం నా పాదం ఒకటే."

మర్నాడు నిజంగానే తెచ్చింది, తుడిచి, కొత్త తాళ్లు వేసి. "కుళ్లుకోవడానికి కూడా కాస్త వీలివ్వదు, పాపిష్ఠిది" అనుకుంది పిన్ని.

మా బాబాయి లిఫ్టు మెకానిక్కు. "కొండెక్కి కిందికి జారడానికి అంత దూరమెందుకోయ్? నాతో రా, రోజుకి పాతికసార్లు తిప్పుతాను" అన్నాడు. పిన్ని నవ్వింది కానీ ఆయనకు కూడా సంగతి చెప్పలేదు.

కింది లాడ్జికి చేరాక మొదటి రోజు పొద్దున పిల్లలు నేర్చుకునే వాలు మీద పిన్ని కాళ్లకు స్కీలు కట్టుకుంది. ఆరుసార్లు పడింది. ఏడోసారి పైనుంచి కంచె దాకా పడకుండా వచ్చింది. ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూసింది. ఎవరూ చూడలేదు. ఆ రెండు గంటలూ ఆమెకు ఎవరి మీదా ఏ కోపమూ లేదట.

పదిన్నరకి మంచు తడి ఇసుకలా అయింది. మూడో రోజుకి గడ్డి బయటపడింది. ముప్పై మందీ స్కీలు చేతపట్టుకుని, రాని బస్సు కోసం చూస్తున్నట్టు వరండాలో నిలబడ్డారు. ఎదురుగా కనుమ తెల్లగా మెరుస్తోంది.

"ఈ చోటు ఎవరమ్మా ఎంచింది?" అంది రిటైరైన హెడ్మిస్ట్రెస్ ఒకావిడ. "ఏడాదంతా ఈ అయిదు రోజుల కోసమే చూస్తాను. వచ్చే ఏటికి నా మోకాళ్లు ఉంటాయో ఉండవో."

"ఆఫీసు వాళ్లండీ" అంది పిన్ని.

ఇంకో రెండు రోజులు నోరు మూసుకుంటే చాలు, ప్రయాణం అయిపోతుంది. ఎండ ముదిరిందని చెబితే ఎవరూ తప్పు పట్టరు. పిన్ని లోపలికి వెళ్లి ఆఫీసుకు ఫోను చేసింది. కొత్తమ్మాయి ఎత్తింది. పిన్ని నాలుగు కొయ్యమెట్ల సంగతి చెప్పేసింది.

అవతల పుస్తకం పేజీలు తిరగేసిన చప్పుడు వినబడింది.

"పై లాడ్జిలో గదులున్నాయేమో కనుక్కుంటాను" అంది కొత్తమ్మాయి.

"తిట్టవేం?"

"తిడతాను. ముందు గదులు దొరకనివ్వండి."

గదులు దొరికాయి. పైన వాలు నిటారుగా ఉంటుంది, స్కీయింగ్ వచ్చినవాళ్లే తోడుండాలి. అందుకని ఓనరు గారు బస్సులో కొత్తమ్మాయిని పంపారు. ఆమె దిగి పిన్ని వంక చూసింది. "బూట్లక్కా" అంది. తిట్టింది అంతే.

పిన్ని వరండాలోనే కూర్చుని బూట్లు విప్పి ఇచ్చింది. కొండెక్కలేని ముసలి దంపతులకు తోడుగా కింది లాడ్జిలో ఉండిపోయింది. హెడ్మిస్ట్రెస్ కిటికీ పక్కన కూర్చుని చెయ్యి ఊపింది. బస్సు మలుపులు తిరుగుతూ పైకి పోతుంటే, కనుమరుగయ్యే దాకా పిన్ని చూస్తూనే ఉంది.

"చేసింది నేను. అయినా ఆ కొత్తమ్మాయి మీదే ఏడుపొచ్చింది, చూడు" అంటుంది ఇప్పటికీ.

ఓనరు గారు ఆమెను తీసేయలేదు. పిన్నికి ఇప్పుడు యాభై ఒకటి. అదే ఆఫీసులో తలుపు పక్క బల్ల దగ్గర బస్సు టిక్కెట్లు రాస్తుంది. వసంతంలో ఎక్కడికి వెళ్లాలో కొత్తమ్మాయి చెబుతుంది.