ఆదివారం పరుగు

ప్రేమలీల పరుగు నేర్చింది బడిలో కాదు, బోగోలు దగ్గర సముద్రపు ఒడ్డున, కాలు దిగబడని తడి ఇసుక మీద. హైస్కూల్లో చేరాక డ్రిల్లు టీచరమ్మ ఎలిశబెతు ఆ పిల్లను పట్టుకుని వదల్లేదు.

"జిల్లాలో ఫస్టు వస్తివా, డ్రిల్లు టీచరు ట్రైనింగులో సీటు ఖాయం. కూలికి పోయే రాత తప్పుతాదమ్మే" అన్నది.

అరవై రెండో సంవత్సరం, మొలగొలుకుల వరి కోతకొచ్చిన రోజుల్లో నెల్లూరులో జిల్లా పోటీలు పెట్టారు. శనివారం తొలి పరుగుల్లో ప్రేమలీలే ముందు. ఫైనలు మర్నాడు, ఆదివారం. ఆ సాయంత్రమే వాళ్ళ నాయన, సమాధానం అని పేరు, బస్సు దిగి, తల వంచుకుని ఎదురుగా నిలబడ్డాడు.

"ఇంటికి పోదాం పదమ్మా. ఆదివారం దేవుడి దినమంట, ఆ రోజు ఆటలాడితే సంఘంలోంచి తీసేస్తానంటా ఉండాడు పెద్దాయన."

పెద్దాయన అంటే సంఘపెద్ద జ్ఞానప్రకాశం. ఊళ్ళో క్రైస్తవులందరికీ ఆయన మాటే శాసనం. సమాధానం కౌలుకు దున్నే పొలమూ ఆయనదే. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారే, ఆ సామెత చర్చికీ పనికొస్తుంది. టీచరమ్మ ఎంత బతిమాలినా లాభం లేకపోయింది. ప్రేమలీల కళ్ళు తుడుచుకుని తండ్రి వెంట బస్సెక్కింది. ఆ పిల్ల చేసిన తప్పంటూ ఉంటే అదే, పెద్దల మాట వినడం.

మర్నాడు ఆరాధన ముగిసేసరికి సముద్రం మీద మబ్బు కమ్మింది. పెద్దాయన కళ్ళంలో కోసిన వరి మోపులు ఆరుబయటే ఉన్నాయి. ఆయన చర్చి మెట్ల మీద నుంచే కేకేశాడు.

"అందరూ రాండి. గింజను కాపాడేది ఆదివారం మానాల్సిన పని కిందికి రాదు. ఒరే సమాధానం, నీ బిడ్డను పిలువు. అది బాగా పరిగెత్తుద్ది."

పరిగెత్తింది. నెత్తిన మోపుతో, కళ్ళం నుంచి కొట్టానికి, కొట్టం నుంచి కళ్ళానికి, వాన పడేదాకా పరిగెత్తింది. నెల్లూరులో ఫైనలు జరుగుతున్న వేళకు ఆమె మోస్తున్నది ఆదివారం ఆటలొద్దన్న ఆ పెద్దమనిషి వడ్లు. చెప్పడానికే ఒళ్ళు మండుతుంది. మోసిన పిల్లకు ఎట్లా ఉండిందో ఎవరూ అడగలేదు.

మరుసటి ఏడు కూడా ఫైనలు ఆదివారమే పడింది. పోయి పిల్లను తీసుకురమ్మని పెద్దాయన మళ్ళీ కబురు పెట్టాడు. సమాధానం జ్వరమని చెప్పి దుప్పటి ముసుగు పెట్టాడు. ప్రేమలీల జిల్లాలో ఫస్టు వచ్చింది.

ఆ తరువాత వచ్చిన బల్ల ఆదివారం నాడు, ప్రభువు బల్ల పేరిట రొట్టె, ద్రాక్షారసం పంచే ముందు, పెద్దాయన ఆమెను ముందుకు పిలిచి మోకరించమన్నాడు. సంఘం ఎదుట తప్పు ఒప్పుకోవాలి, లేదంటే బల్లలో చెయ్యి వెయ్యనివ్వరు, అంటే ఆ రొట్టె ముట్టనివ్వరు. తాగి పెళ్ళాన్ని తన్నినవాడికి వేసే శిక్ష అది. దాన్ని తెచ్చి పందెం గెలిచిన ఆడపిల్లకు వేశారు.

ప్రేమలీల ముందుకొచ్చింది గాని మోకాలు వంచలేదు.

"ఏ ఆదివారం పరుగు ఒప్పుకోమంటారయ్యా? నెల్లూరులో పరిగెత్తిందా, మీ కళ్ళంలో పరిగెత్తిందా? రెండూ ఒప్పుకుంటాను. కళ్ళం పరుగుకు మాత్రం మీరు గూడా నా పక్కన మోకరించాల."

పాస్టరు గారు నేల చూపులు చూశారు. "పొగరు" అన్నాడు పెద్దాయన. రొట్టె పళ్ళెం ఆమెకు చూపొద్దని సైగ చేశాడు.

ప్రేమలీలకు ట్రైనింగులో సీటు వచ్చింది. అరవై ఆరుకల్లా కావలిలో డ్రిల్లు టీచరయింది. సెలవులకు వచ్చినప్పుడల్లా చర్చికి పోయి ఆడవాళ్ళ వైపు చివర కూర్చునేది. క్షమాపణ చెప్పలేదు గనక రొట్టె పళ్ళెం ఆమెను దాటించి తీసుకుపోయేవాళ్ళు. మగవాళ్ళ వైపు ఆ పళ్ళెం సమాధానం ముందుకొచ్చి ఆగేది. పొలం ఇచ్చిన పెద్దాయన ఎదురుగా కూర్చుని చూస్తుండేవాడు. సమాధానం చేతులు కట్టుకునే ఉండి, రొట్టె ముట్టకుండా పళ్ళాన్ని పక్కవాడి దగ్గరికి పోనిచ్చేవాడు.