భీమిలిలో నేను నింపిన కాగితం

తార్నాక నుంచి విశ్వవిద్యాలయ ఆవరణలోకి నేనూ నా భార్య సునీతా రోజూ ఉదయం నడిచేవాళ్లం. ఆమెకు గుండె జబ్బు. రెండో ఆపరేషన్‌ను శరీరం తట్టుకోదని వైద్యులు తేల్చిన వారం, దారిలో ఆయాసంతో ఆగి, "నది సముద్రంల కలిసే కాడ ఒక్కసారి నా చేతులతోని పడవ నడపాలె" అన్నది. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆమె అడిగిన మొదటి ప్రయాణం అది. గోస్తనీ నది సముద్రంలో కలిసే భీమిలిని ఎంచుకొని, మందులు, రిపోర్టులు, బస్సు వేళలు జాబితాగా రాసుకొని ఆమెతో బయలుదేరాను.

సికింద్రాబాద్‌లో సాయంత్రం రైలెక్కితే ఉదయానికి విశాఖపట్నం. అక్కడి నుంచి తీరం వెంట వెళ్లే సిటీ బస్సులో గంటన్నర. కుడివైపు కిటికీ దగ్గర కూర్చోండి, సముద్రం అటే. తొమ్మిదిన్నరకు నదీముఖం చేరాం. సెలవురోజు కావడంతో రంగురంగుల తెడ్డు పడవలు నీళ్ల నిండా ఉన్నాయి. మనిషికి అరగంటకు ఐదు వందలు.

పడవల నిర్వాహకుడు నింపమని ఆరోగ్య పత్రం ఇచ్చాడు. ఏ గడినీ ఖాళీగా వదలడం నాకు చేతకాదు. సునీత లైఫ్ జాకెట్ బిగించుకునేలోగా ఆమె ఆపరేషన్, మందుల మోతాదులు తేదీలతో సహా రాశాను. చోటు చాలక వెనక పేజీ కూడా నింపాను.

అతను చదివి తల పట్టుకున్నాడు. "ఇవన్నీ ఎందుకు రాసేసేరు సార్? అందరూ లేదని టిక్కు పెట్టేసి ఎక్కేస్తారు. చూసేక నేను ఎక్కించలేనండి. ఏదైనా అయితే నా గతేటి?"

"ఇంకో కాగితం ఇయ్యి తమ్మీ, ఈసారి నేను రాస్త" అన్నది సునీత.

"చదివేసేను కదమ్మా."

ఆమె నా వైపు తిరిగి, "ఏందయ్యా, నా జాతకమంత రాసినవు. నా తిక్క గూడ రాయకపోయినవా?" అని నవ్వింది. జాకెట్ విప్పి, మడిచి ఇచ్చేసింది. ఆ తరువాత నవ్వలేదు. గంటసేపు ఇసుకలో కూర్చొని ఇతరుల తెడ్ల వైపే చూసి, "పోదాం" అన్నది.

నేను రాసినదాంట్లో అబద్ధం లేదు. మిమ్మల్నీ అబద్ధం రాయమనను. కానీ ఆమె పడవ ఎక్కవచ్చా అని వైద్యుణ్ణి ముందుగా అడగాలన్న ఆలోచనే నాకు రాలేదు. తిరిగివచ్చాక అడిగితే, నిలకడైన నీటిలో, తోడు మనిషితో పది నిమిషాలు పర్వాలేదని ఉత్తరం రాసిచ్చారు. అప్పటికే సునీత ఉదయపు నడక మానేసింది. మా ఇంటి మెట్లెక్కడానికి మూడుసార్లు ఆగుతున్నది. ఉత్తరం చదివి, "ఇప్పుడెందుకయ్యా" అని నా చేతికే ఇచ్చింది.

జబ్బుమనిషితో ఇలాంటి చోటికి వెళ్లేవారు, ఆరోగ్య పత్రాన్ని ఫోన్‌లో ముందే తెప్పించుకొని, వైద్యుడి అనుమతి ఉత్తరం తీసుకున్నాకే టికెట్లు కొనండి. మేము భీమిలి నుంచి తిరిగివచ్చిన పదకొండో రోజున మాకు ఆ ఉత్తరం అందింది.