అమీర్‌పేటలో పెద్ద దర్వాజ గడప

ఇల్లు అమ్మేశాం, రేపు పడగొడుతున్నారని యాదమ్మ పెద్దమ్మ ఫోన్ చేసింది. మర్నాడు తెల్లవారకుండానే విజయవాడలో రైలెక్కాను. అమీర్‌పేటలో పెద్దమ్మవాళ్లది పాతకాలపు రైతుల ఇల్లు, అందులో ఒక వాటాలో మేం అద్దెకుండేవాళ్లం. నా చిన్నతనమంతా ఆ అద్దెవాటాలోనే గడిచింది. సికింద్రాబాద్‌లో దిగి, ఇంటినుంచి తెచ్చుకున్న పులిహోర తిని మెట్రో ఎక్కాను.

పక్కసీటావిడతో సంగతి చెబితే, "అమీర్‌పేట్ల పొలమోళ్ల ఇల్లా? మజాక్ చేస్తున్నరా అక్కా?" అని నవ్వింది.

కోచింగ్ సెంటర్ల బోర్డులు దాటి పంజగుట్ట వైపు సందులోకి తిరిగితే ఇల్లు. రాతి పునాది, మూరెడు మందం మట్టిగోడలు, వాటిపై డంగుసున్నం పూత, టేకు దూలాలు. నడుమ వాకిలి, చుట్టూ అర్రలు. ఎండాకాలం వడ్లు పోసే అర్రలో పడుకునేవాళ్లం. ఆ చల్లదనం ముందు ఏసీలు ఏ మూలకి! పెంకులు అప్పుడే దింపేశారు. దూలాలు బోసిగా మిగిలాయి.

పెద్దమ్మది ఒకటే పట్టుదల. జేసీబీ వచ్చేలోపు పెద్ద దర్వాజ ఊడదీయించి, మియాపూర్‌లో కొన్న ఫ్లాట్‌కు బిగించుకోవాలి. వడ్రంగి సత్తయ్య టేపు పెట్టి చూసి పెదవి విరిచాడు.

"పట్టదమ్మా. వడ్ల బస్తాలు మోసెటోళ్ల కోసం చేసిన దర్వాజ ఇది. రెండు దిక్కుల కోస్తేనే పట్టుతది."

"ఏం మాటరా! తలుపులు పోతే పోనీ. మొక్కిన గడపను కోస్తరా?" అంది పెద్దమ్మ.

"ఫ్లాట్‌లో దాన్ని ఎక్కడ పెడతారు పెద్దమ్మా?" అన్నాను.

"హాల్ల గోడకు ఆనిచ్చి పెడత బిడ్డా. శుక్రారం శుక్రారం పసుపు పూస్త. గంతే."

సత్తయ్య గడపను పెళ్లగించాడు. కింద పెట్టినా కూలీలు దాన్ని తొక్కలేదు, చుట్టూ తిరిగి పోయారు. ట్రాలీ ఆటోలో బొంత పరిచి పడుకోబెట్టారు.

ఇప్పుడు తిరుగు రైల్లో కూర్చున్నానన్న మాటే గానీ, ఒక్కటే కళ్లముందు ఆడుతోంది. బయల్దేరేముందు, చెంబు మరిచానని పెద్దమ్మ లోపలికి వెళ్లింది. నేనూ వెళ్లాను. తిరిగి వస్తూ, గడప పోయి ఉత్త నేల మిగిలిన చోట, ఆమె కుచ్చిళ్లు పట్టుకుని కాలెత్తి దాటింది.

వెనకే నేనూ కాలెత్తాను.